స్కా బ్యాండుతో పార్టీలూ పబ్బులూ వాయించాలంటే

ముందే చెప్తున్నా, ఇది ఇంగ్లండులో, అదీ కోవెంట్రీ, బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల వాయించే బ్యాండు సంగతి. పెద్ద స్టేజీలు, టూర్ బస్సులు ఇందులో ఉండవు. శనివారం రాత్రి పబ్బులో డార్ట్స్ బోర్డు పక్కనో, ఎవరిదో అరవయ్యో పుట్టినరోజుకి క్రికెట్ క్లబ్బు హాల్లోనో తొమ్మిదిమంది ఇరుక్కుని వాయించే రకం. నేను కీబోర్డు వాయిస్తాను. చదువుకో ఉద్యోగానికో ఇటు వచ్చిన మనవాళ్లలో డ్రమ్సో ట్రంపెట్టో వచ్చినవాళ్లు "అన్నా, ఇలాంటి బ్యాండులోకి ఎలా రావాలి, మేమే ఒకటి పెట్టుకుంటే ఎలా ఉంటుంది" అని అడుగుతుంటారు. ఒక్కొక్కళ్లకీ విడిగా చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నా.

స్కా తెలియనివాళ్లకి రెండు ముక్కలు. 1950ల చివర్లో జమైకాలో పుట్టిన డాన్సు సంగీతం ఇది. తర్వాత నెమ్మదించి రాక్‌స్టెడీ అయింది, ఇంకా తర్వాత రెగె అయింది. అక్కణ్ణుంచి వలస వచ్చినవాళ్లతో పాటే బ్రిటన్‌కి చేరింది. 1979లో జెర్రీ డామర్స్ కోవెంట్రీలో టూ టోన్ అనే రికార్డు లేబుల్ మొదలుపెట్టాడు, ద స్పెషల్స్, ద సెలెక్టర్, మ్యాడ్‌నెస్, ద బీట్ మొదటి రికార్డులు దాంట్లోనే వచ్చాయి, ఇప్పటికీ స్కా అనగానే గుర్తొచ్చే నలుపు తెలుపు గళ్లు ఆ రోజులవే.

ఈ చరిత్ర ఎందుకు చెప్తున్నానంటే, మీకు పని ఇచ్చేది ఇదే. 1980లో పదిహేనేళ్ల కుర్రాడికి 2025లో అరవై నిండాయి. పుట్టినరోజుకి బ్యాండు పెట్టుకునేది వాడే, పబ్బులో ముందు వరసలో నిలబడేది వాడే, కూతురి పెళ్లిలో బ్యాండు డబ్బులు కట్టేదీ చాలాసార్లు వాడే. వాడికి ఆ పాటలన్నీ నోటికి వచ్చు, ఆడాలని ప్రాణం లాగుతుంది, మోకాళ్లు మాత్రం సహకరించవు. ఏ పాట తర్వాత ఏ పాట, ఎంత సౌండు, విరామం ఎప్పుడు, అన్నీ ఈ మనిషిని దృష్టిలో పెట్టుకుని తేల్చుకోవాల్సినవే. మీ సోలో ఎంత బాగుందో ఎవడికీ పట్టదు, ఫ్లోర్ మీద జనం ఉన్నారా లేదా అన్నదే లెక్క.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. మొదటిసారి వెళ్లినప్పుడు ముందు వరసలో గుండు చేయించుకుని, బూట్లు, భుజాల మీదుగా ప్యాంటు పట్టీలు (బ్రేసెస్) వేసుకున్న తెల్లవాళ్లు కనిపిస్తారు, మనలాంటి రంగు ఉన్నవాడికి కాస్త టెన్షన్ రావడం సహజం. స్కిన్‌హెడ్ అని పిలుస్తారు వీళ్లని, ఆ మాటకి జాత్యహంకారం తర్వాత అంటుకుంది. 1960ల చివర్లో మొదలైన అసలు గుంపు జమైకా రికార్డులు కొని వాటికే ఆడేవాళ్లు. టూ టోన్ బ్యాండ్లు నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి వాయించినవి, జాత్యహంకారానికి ఎదురు నిలబడినవి. 1981లో కోవెంట్రీలో చదువుకుంటున్న ఒక ఆసియా కుర్రాణ్ణి పట్టపగలు చంపేస్తే, ఆ జూన్‌లో ద స్పెషల్స్ అదే ఊళ్లో జాత్యహంకారానికి వ్యతిరేకంగా కచేరీ పెట్టారు. ఇప్పుడు మీ ముందు ఆడే గుండు పెద్దాయన చాలావరకు ఆ బాపతే. ఆట అయ్యాక మీకు బీరు కొనిపెట్టేదీ, వచ్చే ఏడాది వాళ్ల స్కూటర్ క్లబ్బు పార్టీకి పిలిచేదీ ఆయనే.

ఎవరెవరు కావాలి

డ్రమ్స్, బేస్, గిటారు, కీబోర్డు, పాడేవాళ్లు ఒకరో ఇద్దరో, ఇక ఊదేవాళ్లు: ట్రంపెట్, టెనార్ సాక్సోఫోన్, ట్రాంబోన్. ముగ్గురు ఊదేవాళ్లుంటే అందం, ఇద్దరితో బండి నడుస్తుంది, ఒక్కరే అయితే సాక్స్ పెట్టుకోండి. ఊదేవాళ్లు లేకుండా కీబోర్డులో ట్రంపెట్ సౌండు పెట్టి లాగిద్దామనుకుంటే మాత్రం వద్దు. చెవికి కాదు, కంటికి తెలిసిపోతుంది. ఇత్తడి మెరుపు లేకపోతే జనానికి అది స్కాలాగే అనిపించదు.

తాళం విషయంలో మనవాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, తాళం వేసేటప్పుడు చెయ్యి తొడ మీద పడే చోట గిటారు మౌనంగా ఉంటుంది, చెయ్యి పైకి లేచిన చోట "చక్" అంటుంది. ఒకటి-చక్, రెండు-చక్, మూడు-చక్, నాలుగు-చక్. పై మూడు నాలుగు తీగలు చాలు, వాయించిన వెంటనే ఎడమ చెయ్యి వదులు చేసి ఆ శబ్దాన్ని అక్కడికక్కడే ఆపెయ్యాలి. రాక్ వాయించి వచ్చినవాళ్లకి ఇదే పెద్ద తలనొప్పి, తీగని మోగనివ్వాలని చేతులు ఉబలాటపడతాయి, శబ్దాన్ని బరకగా మార్చే డిస్టార్షన్ పెడల్ మీదకి కాలు వెళ్తుంది. ఆ పెడల్ ఇంట్లో వదిలేసి రమ్మనండి. బేస్ మాత్రం ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. పాత జమైకా పద్ధతిలో డ్రమ్మర్ కిక్కూ స్నేరూ కలిపి రెండో దెబ్బ, నాలుగో దెబ్బ మీద వేస్తాడు, టూ టోన్ వాళ్లు వేగంగా, మోటుగా కొట్టే పంక్ రాక్ విని పెరిగినవాళ్లు కాబట్టి అది ఇంకాస్త దూకుడుగా ఉంటుంది. రెండూ రావాలి, ఎందుకో పాటల వరస దగ్గర చెప్తా.

శ్రుతి గురించి గిటారిస్టుకీ ఊదేవాళ్లకీ మధ్య ఒక యుద్ధం ఖాయం. గిటారు వాళ్లకి 'ఈ', 'ఏ' కీలు హాయి. ట్రంపెట్, టెనార్ సాక్స్ బీ ఫ్లాట్ వాయిద్యాలు, వాళ్ల కాగితం ఒక స్వరం పైన ఉంటుంది, అంటే మీ 'ఈ' వాళ్లకి ఎఫ్ షార్ప్, మీ 'ఏ' వాళ్లకి 'బీ'. ఆరు షార్పులు చూసుకుంటూ చీకట్లో ఊదమంటే ఎవరికైనా కోపం వస్తుంది. గాయకుడి గొంతుకి ఇబ్బంది లేకపోతే పాటని అర స్వరం అటో ఇటో జరిపి ఎఫ్, బీ ఫ్లాట్, ఈ ఫ్లాట్‌లోకి తెచ్చుకోండి. గిటారిస్టు గొణుగుతాడు, గొణగనివ్వండి, అతను తీగలన్నిటికీ అడ్డంగా వేలు వేసి పట్టే బార్ కార్డ్ ఒక గడి జరిపితే సరిపోతుంది.

రిహార్సల్ వారం వారం అక్కర్లేదు. అందరికీ ఉద్యోగాలు, పిల్లలు ఉంటారు, గదికి గంటల లెక్కన డబ్బు పోతుంది. ఊదేవాళ్లు మాత్రం ఒకసారి విడిగా, ఆంప్లిఫయర్లు లేకుండా ఎవరింట్లోనో కూర్చోవాలి. ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, ఎక్కడ ఆపాలి అన్నది పెద్ద సౌండులో ఎప్పటికీ తేలదు.

ఒప్పుకునే ముందు అడగాల్సినవి

ఫోన్లో "మా పార్టీకి వస్తారా, ఎంత" అనగానే రేటు చెప్పకండి. ఎక్కడ, మేడ మీదా కిందా, లిఫ్ట్ ఉందా, వ్యాను గుమ్మం దాకా వస్తుందా, బ్యాండు నిలబడే జాగా ఎంత, ఎన్నింటికి సామాను దింపొచ్చు, ఎన్నింటికి ఆపాలి. పెళ్లయితే, మధ్యాహ్నం భోజనాలూ ఉపన్యాసాలూ జరిగే గదిలోనే రాత్రి ఆటా ఉంటుందా అని తప్పకుండా అడగండి. అదే గది అయితే రెండే దారులు. పొద్దున్నే వచ్చి అన్నీ పెట్టేసి సాయంత్రం దాకా పడిగాపులు కాయడం, లేదా బల్లలు తీసేస్తుంటే జనం చూస్తుండగా నలభై నిమిషాల్లో హడావిడిగా పెట్టుకోవడం. మొదటిదానికి అదనపు డబ్బు అడగాలి, ఎందుకంటే రోజంతా పోతుంది. రెండోదానికి గట్టి నరాలు కావాలి.

వేడి భోజనం మాట కూడా కాగితం మీద రాయించుకోండి. మొహమాటపడకండి. "బఫేలో ఏదో ఒకటి ఉంటుందిలే" అంటే మీరు మొదటి సెట్టు, అంటే విరామం దాకా వాయించే పాటలు, ముగించేసరికి రెండు సమోసాలు, ఎండిపోయిన శాండ్‌విచ్ మిగులుతాయి. ఇక ఒప్పందం మీద తేదీ, టైము, మొత్తం, అడ్వాన్సు, వాళ్లు రద్దు చేస్తే ఏమిటి, మీరు రాలేకపోతే ఏమిటి, ఇవి ఉంటే చాలు, ఒక పేజీ సరిపోతుంది. మ్యుజీషియన్స్ యూనియన్‌లో చేరితే ఒప్పందం నమూనాలు వాళ్లే ఇస్తారు, పైగా సభ్యత్వంతో కోటి పౌండ్ల దాకా పబ్లిక్ లయబిలిటీ బీమా, అంటే మీ వల్ల జనానికి దెబ్బ తగిలినా, వాళ్ల సామాను పాడైనా కట్టే బీమా, వస్తుంది. చాలామంది పెళ్లి హాళ్లవాళ్లు ఆ కాగితం, మీ కరెంటు సామాన్లకి పాట్ టెస్టు (షాక్ కొట్టకుండా ఉన్నాయని చూసే పరీక్ష) చేయించిన కాగితం చూపించందే లోపలికి రానివ్వరు.

పబ్బు లైసెన్సు గురించి కంగారు పడే పని పెద్దగా లేదు. ఇంగ్లండు, వేల్స్‌లో 2012 నాటి లైవ్ మ్యూజిక్ చట్టం, దానికి 2015లో వచ్చిన మార్పు వల్ల, మద్యం లైసెన్సు ఉన్న చోట పొద్దున 8 నుంచి రాత్రి 11 దాకా 500 మంది లోపు జనానికి వాయించడానికి సంగీతం కోసం కౌన్సిల్ నుంచి మామూలుగా విడిగా లైసెన్సు అక్కర్లేదు. 11 తర్వాత వాయించమంటే మాత్రం వాళ్ల లైసెన్సులో అది ఉందో లేదో కనుక్కోండి.

గోడ మీద మూడు లైట్లు

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న: సౌండ్ లిమిటర్ ఉందా?

ఇది తెలియక బోర్లాపడే బ్యాండ్లు బోలెడు. ఇళ్ల మధ్య ఉన్న హాళ్లలో, పాత బంగళాలు బాగుచేసి పెళ్లిళ్లకి ఇచ్చే చోట్లలో గోడకో పైకప్పుకో ఒక చిన్న మైకు ఉంటుంది, దానికి తగిలించి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు లైట్లు. సౌండు గీత దాటి ఎరుపు వెలిగి కొన్ని సెకన్లు అలాగే ఉంటే స్టేజీ ప్లగ్గులకి కరెంటు పోతుంది. పాట మధ్యలో గిటారు, బేస్, నా కీబోర్డు, గాయకుడి మైకు ఒక్కసారిగా చచ్చిపోతాయి, డ్రమ్సూ ఊదేవాళ్లూ మాత్రం ఏమీ పట్టనట్టు వాయిస్తూనే ఉంటారు. జనం నవ్వుతారు, ఒకసారికి సరదానే. కానీ కరెంటు అలా పోయి వస్తే ఆంప్లిఫయర్లకీ స్పీకర్లకీ మంచిది కాదు, కొన్ని కీబోర్డులకి మళ్లీ లేవడానికి నిమిషం పైనే పడుతుంది.

గీత ఎన్ని డెసిబెల్స్ దగ్గర పెట్టారో ముందే కనుక్కోండి. 90 డెసిబెల్స్‌కి కాస్త పైన ఉంటే కష్టం, ఎందుకంటే ఏ స్పీకరూ లేకుండా డ్రమ్ కిట్ ఒక్కటే దాన్ని దాటేస్తుంది. అలాంటి చోటికి డ్రమ్మర్ సన్న కర్రలు తెచ్చుకోవాలి, లేదా ఎలక్ట్రానిక్ కిట్. సౌండ్ చెక్‌లో ముందు డ్రమ్సూ ఊదేవాళ్లనీ కలిపి వాయించమని లైటు చూడండి. వాళ్లతోనే పసుపు వచ్చేస్తే మిగతా మనమంతా వాళ్ల కిందే సర్దుకోవాలి. లిమిటర్ మైకు ఏ వైపు ఉందో చూసి ట్రంపెట్‌ని దానికి దూరంగా, వేరే వైపు తిప్పి నిలబెట్టండి. కొందరు ఆ మైకు మీద గుడ్డ కప్పడం, వంటగది ప్లగ్గు నుంచి కరెంటు లాగడం లాంటి తెలివితేటలు చూపిస్తారు. హాలువాళ్లు కనిపెడితే మీకే కాదు, ఆ ఊళ్లో ఏ స్కా బ్యాండుకీ మళ్లీ తలుపు తియ్యరు.

కరెంటు గురించి ఇంకో రెండు మాటలు. ఇక్కడి ప్లగ్గు 13 ఆంపులు, అంటే దగ్గరదగ్గర 3,000 వాట్లు, చిన్న బ్యాండుకి ధారాళంగా సరిపోతుంది. తంటా ఎక్కడొస్తుందంటే అదే సర్క్యూట్ మీద వంటవాళ్లు టీ మరిగించే పాత్ర, బఫే హీటర్లు పెట్టినప్పుడు. చుట్టకి ఉన్న ఎక్స్‌టెన్షన్ వైరు వాడితే మొత్తం విప్పెయ్యండి, చుట్టలాగే వదిలేస్తే లోపల వేడెక్కి కరుగుతుంది. పెరట్లో టెంటు కింద వాయిస్తుంటే కింద చెక్కలు పరిచారా, ప్లగ్గు దగ్గర కరెంటు లీకైతే వెంటనే ఆపేసే ఆర్‌సీడీ ఉందా చూసుకోకుండా ఒక్క వైరు కూడా తగిలించకండి.

పబ్బు మూలలో సర్దుకోవడం

ట్రాంబోన్ వాయించే ఆయన్ని ఎప్పుడూ ఒక చివర పెట్టండి, ముందు ఎవరూ ఉండకూడదు. స్లైడు పూర్తిగా చాచితే ముందున్నవాడి మెడ వెనక తగులుతుంది. జనానికీ మీకూ మధ్య స్టేజీ ఉండదు కాబట్టి మానిటర్ స్పీకర్లని గోడలా ముందు వరసగా పెట్టుకోండి. అవి మీకు వినపడడానికే కాదు, పళ్లు కాపాడుకోవడానికి కూడా. ఆడుతూ ఆడుతూ ఎవరో వెనక్కి వచ్చి మైకు స్టాండుకి గుద్దుకుంటే అది నేరుగా గాయకుడి పళ్లకి తగులుతుంది, సాక్స్ వాయించే మనిషికైతే నోట్లో ఉన్న మౌత్‌పీసే తగులుతుంది. మూడు కాళ్ల స్టాండు బదులు గుండ్రటి బరువు అడుగున్న స్టాండు తీసుకుంటే తన్నుకుని పడేవాళ్లు తగ్గుతారు. డ్రమ్స్ దగ్గరగా, ట్రంపెట్ చెవి పక్కనే మోగుతుంటుంది కాబట్టి ఇయర్ ప్లగ్గులు అందరికీ.

పాటల పట్టీ పెద్ద అక్షరాల్లో రాసి నేల మీద అంటించండి. చీకటి, పైగా బ్యాండులో సగం మందికి దగ్గర చూపు అద్దాలు వచ్చి ఉంటాయి.

పాటల వరస

మామూలుగా నలభై ఐదు నిమిషాలవి రెండు సెట్లు, లేదా గంటవి రెండు. కొత్త బ్యాండ్లు తమకున్న వేగం పాటలన్నీ మొదటి ఇరవై నిమిషాల్లో వరసగా కొట్టేస్తాయి. మూడో పాటకి ఫ్లోర్ నిండుతుంది, ఆరో పాటకి ఒక్కొక్కళ్లే బార్ వైపు జారుకుంటారు. నచ్చక కాదు, ఊపిరి అందక. ఇందాక రెండు రకాల తాళాలూ రావాలన్నది ఇందుకే. రెండు మూడు వేగంవి, తర్వాత ఒక రాక్‌స్టెడీ, మళ్లీ పైకి. ఆ నెమ్మది పాటలో జంటలు దగ్గరవుతాయి, మోకాళ్లు తేరుకుంటాయి, ఊదేవాళ్ల పెదాలకీ విశ్రాంతి. ఊదేవాళ్ల పెదాలు కండరాలే, రెండో సెట్టు చివర పెద్ద స్వరాలు కావాలంటే మొదటి సెట్టులో దాచుకోవాలి.

పాటకీ పాటకీ మధ్య మాట్లాడకండి. చప్పట్లు ఇంకా పడుతుండగానే డ్రమ్మర్ తర్వాతి పాటకి లెక్క మొదలెట్టాలి. మన ఊళ్లలో పెళ్లి ఊరేగింపు బ్యాండు మేళంలో క్లారినెట్ ఆయన్ని గమనించే ఉంటారు. ముందు ఆడే కుర్రాళ్ల వైపే ఆయన చూపు ఉంటుంది, వాళ్లు ఊపు మీదున్నంతసేపూ పల్లవి తిప్పి తిప్పి వాయిస్తాడు, కాస్త తగ్గగానే పాట మార్చేస్తాడు. ఇక్కడ ఆ పని ఒక్కరికి అప్పగించండి, చెయ్యెత్తితే ఇంకోసారి, పిడికిలి బిగిస్తే ముగింపు. తొమ్మిదిమందీ ఆ ఒక్కరినే చూడాలి.

మొదటి సెట్టుని బాగా తెలిసిన పాటతో ముగించండి, లేకపోతే విరామంలో కోట్లు వేసుకుని వెళ్లిపోయేవాళ్లుంటారు. విరామం ఇరవై నిమిషాలు దాటనివ్వకండి, కేక్ కోస్తామంటే సరే.

తెలుగు సంఘాల ఉగాదికో సంక్రాంతికో పిలిస్తే వెళ్లొచ్చు, కాకపోతే పాటలు చూసుకుని ఒప్పుకోండి. మన మాస్ పాటలు చాలా మటుకు తీన్మార్ నడకలో ఉంటాయి, ఆరు లెక్క, వాటి మీద స్కా గిటారు అతికించినట్టే ఉంటుంది. నాలుగు లెక్క పాట తీసుకుంటే చక్కగా కుదురుతుంది. "బాబూ, పాత పాట ఒక్కటి వెయ్యండి" అని ముందు వరసలోంచి ఆంటీ ఎవరో తప్పకుండా అడుగుతారు, ఆ ఒక్కటి ముందే సిద్ధం చేసుకుని వెళ్లండి.

డబ్బు, వీసా, లోపలికి దారి

లెక్క ఇలా ఉంటుంది: పబ్బు 400 పౌండ్లు ఇస్తే, పెట్రోలుకి 40 తీసేస్తే తొమ్మిదిమందికి తలా 40. వ్యాను పాత డీజిల్‌ది అయితే బర్మింగ్‌హామ్ నడిబొడ్డు క్లీన్ ఎయిర్ జోన్‌లోకి వెళ్లినందుకు కట్టే రుసుము కూడా అందులోంచే పోవాలి. పెళ్లిళ్లు, పెద్ద పుట్టినరోజులు దీనికి కొన్ని రెట్లు ఇస్తాయి, మధ్యలో ఏజెన్సీ ఉంటే దాని కమీషన్ పోను. పబ్బు డబ్బు కోసం కాదు, మిమ్మల్ని చూసి పార్టీకి పిలిచేవాళ్ల కోసం. సొంత పాటలు ఉన్నవాళ్లు, పాట రాసినవాళ్లకి రాయల్టీ వసూలు చేసి ఇచ్చే సంస్థ పీఆర్‌ఎస్‌లో చేరి వాయించిన జాబితా పంపండి, లేకపోతే రావాల్సిన చిల్లర కూడా రాదు. ఇలాంటి ఆదాయం ఏడాదికి 1,000 పౌండ్ల దాకా ట్రేడింగ్ అలవెన్సు కింద పన్ను లేకుండా పోతుంది, అది దాటితే లెక్క చూపించాలి.

స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు ఇది రెండుసార్లు చదవండి. ఆ వీసా మీద సొంతంగా పని చేసుకోవడం, వినోద కళాకారుడిగా డబ్బు తీసుకుని ప్రదర్శన ఇవ్వడం కుదరదు. "నలభై పౌండ్లేగా, ఎవరికి తెలుస్తుంది" అనేవాళ్ల మాట వినకండి, పార్టీ వీడియో మర్నాటికి అందరి ఫోన్లలో ఉంటుంది. డబ్బు ముట్టకుండా రిహార్సళ్లకి, పబ్బుల్లో జరిగే జామ్ రాత్రులకి వెళ్లి నేర్చుకోండి. మిగతా వీసాల వాళ్లు మీ షరతులు మీరు చదువుకుని దిగండి.

ఆ అడ్డు లేనివాళ్లకి సులువైన దారి డెప్‌గా వెళ్లడం, అంటే ఎవరైనా రాలేనప్పుడు వాళ్ల బదులు వాయించడం. ప్రతి స్కా బ్యాండుకీ ఊదేవాళ్ల కొరత ఉంటుంది. మంచి బ్యాండు తన పాటలన్నిటికీ నోట్స్ రాసిపెట్టుకుంటుంది, దాన్ని ప్యాడ్ అంటారు. వారం ముందు పంపమని అడగండి, రికార్డు ప్రకారం కాకుండా వాళ్లు వాయించే పద్ధతి వీడియో ఉంటే అదీ అడగండి. నల్ల సూటు, సన్న టై, మధ్యలో మార్చుకోవడానికి ఇంకో చొక్కా, మ్యూజిక్ స్టాండు, దానికి క్లిప్పు లైటు, ఆ లైటుకి బ్యాటరీలు మీవే తీసుకెళ్లండి. ఆట అయ్యాక వైర్లు చుట్టడానికి ఒక చెయ్యి వేసి, వ్యాను నిండేదాకా ఉండి వెళ్లండి. మళ్లీ ఫోన్ వచ్చేది చాలాసార్లు దానికే.